బరువు తగ్గే ఆపరేషన్ తరవాత బీట్‌రూట్ రసం: బీపీ మీద దాని పని ఎందుకు మారుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. పొట్ట తగ్గించే ఆపరేషన్ అయింది, బరువు తగ్గింది, ఇప్పుడు బీపీ కోసం బీట్‌రూట్, ఆకుకూరల రసాలు మొదలుపెట్టాం, అవి ఒంటికి ఎలా పడతాయి అని. ఆపరేషన్ కాని వాళ్ల మీద తేల్చిన మోతాదులు, ఫలితాలు మీకు అలాగే వర్తిస్తాయనుకోవద్దు. ఈ రసాల్లో ఉండి బీపీని తగ్గించే పదార్థం నైట్రేట్. పొట్ట మారినప్పుడు అది ఒంట్లో నడిచే దారి కూడా మారుతుంది. ఎక్కడ, ఎలా మారుతుందో ఒక్కో జవాబులో చూద్దాం.

ప్రశ్న: స్లీవ్ ఆపరేషన్ (పొట్టలో ఎక్కువ భాగం కోసేసి గొట్టంలా మిగిల్చేది) అయి పద్నాలుగు నెలలైంది. బరువు 112 కిలోల నుంచి 81కి వచ్చింది. పై బీపీ మాత్రం 140 దగ్గర ఆగిపోయింది. మూడు వారాలుగా రోజూ ఉదయం ఒక కప్పు బీట్‌రూట్ రసం తాగుతున్నాను. తాగిన పావుగంటకి మీటరు పెట్టి చూస్తే ఏ తేడా లేదు. పొద్దున్నే పాంటొప్రజోల్ వేసుకుంటాను, రెండు పూటలా మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తాను. మా ఆఫీసులో ఒకాయనకి ఇదే రసంతో బీపీ తగ్గింది. నాకెందుకు తగ్గడం లేదు?

మీ ఉత్తరంలోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి: పావుగంటకే కొలవడం, మౌత్‌వాష్, యాసిడ్ తగ్గించే పాంటొప్రజోల్ మాత్ర. నాలుగోది ఆపరేషన్.

నైట్రేట్ తనంతట తాను రక్తనాళాన్ని వదులు చేయలేదు. మనం మింగిన నైట్రేట్ దాదాపు అంతా చిన్నపేగు పైభాగంలోనే రక్తంలోకి వెళ్లిపోతుంది. గంట తిరిగేసరికి రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరుతుంది. అందులో ఎక్కువ భాగం మూత్రంలో బయటికి పోతుంది. సుమారు నాలుగో వంతును లాలాజల గ్రంథులు లాక్కుని ఉమ్మిలోకి వదులుతాయి. ఉమ్మిలో దాని సాంద్రత రక్తంలో కంటే పది రెట్లకు పైనే ఉంటుంది. నాలుక వెనక భాగం గరుకుగా ఉంటుంది కదా, ఆ సందుల్లో కాపురముండే బ్యాక్టీరియా ఈ నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తుంది. మన సొంత కణాలకు ఈ పని చేతకాదనే చెప్పాలి. ఆ ఉమ్మిని మింగినప్పుడు పొట్టలోని యాసిడ్ తగిలి కొంత నైట్రైట్ అక్కడికక్కడే నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. మిగతాది రక్తంలో కలిసి, నాళాల్లో అదే వాయువుగా మారుతుంది. నాళం గోడలోని కండరాన్ని వదులు చేసేది ఈ వాయువే. రక్తనాళాలకు అది సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత చుట్టు తిరగాలి కాబట్టి రక్తంలో నైట్రైట్ గరిష్ఠానికి రావడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. బీపీ కూడా అప్పుడే తగ్గుతుంది. పావుగంటకి మీటరులో కనపడేది రసం ప్రభావం కాదు. 2008లో వచ్చిన ఒక ప్రయోగంలో బీట్‌రూట్ రసం తాగినవాళ్లని ఉమ్మి మింగకుండా ఉమ్మేయమన్నారు. వాళ్ల రక్తంలో నైట్రైట్ పెరగలేదు, బీపీ తగ్గలేదు. పని జరిగేది నోటి దగ్గరే అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మౌత్‌వాష్. సీసా మీద క్లోర్‌హెక్సిడిన్ అని ఉంటే నైట్రేట్‌ని మార్చే బ్యాక్టీరియాను మీరే రోజుకి రెండుసార్లు చంపుతున్నారన్నమాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారం రోజులు దానితో పుక్కిలిస్తే, ఏ రసమూ తాగకపోయినా, బీపీ రెండు మూడు పాయింట్లు పెరిగింది. చిగుళ్ల జబ్బుకి పళ్ల డాక్టరు రాసిచ్చింది అయితే ఆయన్ని అడగండి. నోటి వాసన కోసం మీరే కొనుక్కున్నది అయితే ఆపేయండి. పేస్టు, బ్రష్ చాలు. బ్యాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి ఓ వారం పది రోజులు ఇవ్వండి.

పాంటొప్రజోల్ సంగతి కొంచెం సున్నితం. నైట్రైట్ నైట్రిక్ ఆక్సైడ్‌గా మారాలంటే పొట్టలో పీహెచ్ బాగా తక్కువ ఉండాలి (ఈ అంకె ఎంత తక్కువైతే యాసిడ్ అంత గాఢం). పరగడుపున మామూలు పొట్టలో పీహెచ్ 1.5, 2 దగ్గర ఉంటుంది. ఈ తరహా మాత్రలు దాన్ని 4 పైకి తీసుకెళ్తాయి. అప్పుడు నైట్రైట్‌లో ఎక్కువ భాగం మారకుండా అలాగే ఉండిపోతుంది. 2017లో ఆరోగ్యవంతులకు నోటిద్వారా నైట్రైట్ ఇచ్చి చూశారు. పాంటొప్రజోల్ తరహాదే అయిన ఎసొమెప్రజోల్ వేసుకున్నప్పుడు రక్తంలో నైట్రైట్ ఎప్పటిలాగే పెరిగింది, బీపీ మాత్రం తగ్గలేదు. అంటే రక్తంలోకి ఎంత చేరింది అన్నదొక్కటే చాలదు, పొట్టలో యాసిడ్ తగలడమూ అవసరమే. స్లీవ్‌లో పొట్టలో నూటికి 75 నుంచి 80 వంతులు కోసి తీసేస్తారు. యాసిడ్ తయారుచేసే కణాలు ఎక్కువగా ఉండేది ఆ తీసేసిన భాగంలోనే. అయినా యాసిడ్ సున్నా కాదు. మిగిలిన గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కావడంతో అది పైకి ఎగదన్నుతుంది. మీకు ఆ మాత్ర రాసింది అందుకే అయ్యుండాలి. దయచేసి బీట్‌రూట్ కోసం మాత్ర మానేయకండి. సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు 'ఇది ఇంకెన్నాళ్లు అవసరం?' అని అడగండి. అది అడగాల్సిన ప్రశ్నే.

ఇవన్నీ సరిచేసుకున్నాక ఇలా చూడండి. వరసగా మూడు రోజులు రసం లేకుండా, తరవాత ఏడు రోజులు రసంతో, రోజూ ఒకే వేళకి కొలవండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచండి, నిమిషం తేడాతో రెండు రీడింగులు తీసి సగటు రాసుకోండి. రసం రోజుల్లో తాగకముందు ఒకసారి, రెండున్నర గంటల తరవాత ఒకసారి. సగటున 4, 5 పాయింట్ల తేడా నిలకడగా వస్తే రసం పని చేస్తున్నట్టు. రాకపోతే అది మీ దారి కాదు, డబ్బూ కడుపులో చోటూ వృథా చేయకండి.

మీ సహోద్యోగితో పోల్చుకోవద్దు. ఆయన పొట్ట కోయలేదు. పైగా ఆయన తాగిన దుంప, మీరు తాగిన దుంప ఒకటి కాదు. నత్రజని ఎరువు ఎక్కువ పడినా, ఎండ తక్కువ తగిలినా దుంపలో నైట్రేట్ పెరుగుతుంది. ఒక దుంపకీ మరో దుంపకీ తేడా కొన్ని రెట్లు ఉంటుంది.

ప్రశ్న: గ్యాస్ట్రిక్ బైపాస్ అయి అయిదు నెలలు. ఒక గ్లాసు, అంటే 250 మి.లీ. రసం ఒక్కసారే తాగాను. ఇరవై నిమిషాల్లో చెమటలు పట్టి గుండె దడదడలాడింది. రెండు గంటలకి మళ్లీ కళ్లు తిరిగాయి. బీపీ మరీ పడిపోయిందా?

మొదటిది బీపీ కాదు, డంపింగ్. 250 మి.లీ. బీట్‌రూట్ రసంలో 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకి కలుపుతారు. ఆ సంచిలో పట్టేది 30 మి.లీ. చిల్లర. పొట్ట కింది ద్వారం దారిలో లేదు కాబట్టి తీపి ద్రవం ఒక్క ఊపున పేగులో పడుతుంది. పేగు నీళ్లని లోపలికి గుంజుకుంటుంది. పావుగంట నుంచి అరగంటలో దడ, చెమట, నీరసం వస్తాయి.

రెండోది తేల్చడం కష్టం, ప్రమాదమూ అక్కడే. తీపి ఒక్కసారిగా అందితే ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, గంట నుంచి మూడు గంటల మధ్య చక్కెర పడిపోతుంది. నైట్రేట్ బీపీని తగ్గించేదీ సరిగ్గా ఆ వేళకే. రెండింటికీ కళ్లు తిరుగుతాయి. మళ్లీ అలా అయితే ముందు కూర్చోండి, వేలి నుంచి చుక్క రక్తం తీసి చక్కెర చూడండి, వెంటనే బీపీ చూడండి. చక్కెర 70 లోపు ఉంటే రసం మానేసి మీ డైటీషియన్‌తో మాట్లాడండి. చక్కెర బాగుండి బీపీ తక్కువుంటే మందుల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి.

తాగితీరాలనుకుంటే 50 మి.లీ.తో మొదలుపెట్టండి. చిన్న చిన్న గుటకలుగా, ఇరవై ముప్ఫై నిమిషాలు తాగండి. భోజనానికి అరగంట ముందో వెనకో ఉండాలి, భోజనంతో కలపకూడదు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్, లీటరున్నరకి తగ్గకుండా నీళ్లు మీకు ముందు అవసరం. ఆ రెండూ పూర్తికాని రోజున రసం ఊసెత్తకండి. ఇప్పుడు మీ కడుపులో చోటు చాలా విలువైనది.

మోతాదు గురించి కూడా చెప్పాలి. 2015లో బీపీ ఉన్నవాళ్లకి రోజూ 250 మి.లీ. చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. అందులో నైట్రేట్ సుమారు 400 మి.గ్రా. క్లినిక్‌లో కొలిచిన పై బీపీ సగటున 7.7, కింది బీపీ 2.4 తగ్గాయి. 50 మి.లీ. ఇంటి రసంతో అంత ఆశించకూడదు. బైపాస్ సంచిలో యాసిడ్ స్లీవ్‌లో కంటే కూడా తక్కువ. దానికి తోడు కుట్టు దగ్గర పుండు పడకుండా యాసిడ్ మాత్ర ఇస్తారు. మీ పొట్టలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీ చాలావరకు ఆగిపోయినట్టే లెక్క. పేగు నుంచి రక్తంలోకి నైట్రేట్ చేరడానికి మాత్రం అడ్డేమీ ఉండదు, ఎందుకంటే చిన్నదైన, నీళ్లలో ఇట్టే కరిగే ఈ అయాన్‌కి జీర్ణరసాలతో పని లేదు.

నిల్వ విషయం. పిండిన రసాన్ని గది వేడిలో వదిలేస్తే అందులోని బ్యాక్టీరియా నైట్రేట్‌ని సీసాలోనే నైట్రైట్‌గా మార్చేస్తుంది. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే తాగండి, మిగిలితే గడ్డకట్టించండి. ఇంట్లో ఆరు నెలల లోపు పసిపిల్లలుంటే ఈ రసం ఒక్క చెంచా కూడా పట్టకండి. వాళ్ల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని నైట్రైట్ దెబ్బతీస్తుంది.

ప్రశ్న: ఆపరేషన్‌కి ముందు మూడు బీపీ మాత్రలు వేసుకునేదాన్ని. ఇప్పుడు 30 కిలోలు తగ్గాను, అవే మాత్రలు కొనసాగుతున్నాయి. బీట్‌రూట్, పాలకూర బాగా తింటున్నాను. మంచం మీంచి లేచేసరికి కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి.

ముందు మాత్రల సంగతి తేలాలి, కూరల సంగతి తరవాత. ఈ వారమే డాక్టరుని కలవండి.

ఆపరేషన్ తరవాత బీపీ తగ్గడానికి నైట్రేట్ అక్కర్లేదు. పేగు నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఎక్కువగా ఊరి ఉప్పు మూత్రంలో పోతుంది. కొవ్వు తగ్గేకొద్దీ ఇన్సులిన్ సరిగ్గా పని చేస్తుంది, నాళాల లోపలి పొర తనంతట తాను నైట్రిక్ ఆక్సైడ్‌ని చేసుకోవడం మెరుగుపడుతుంది. బ్రెజిల్‌లో బీపీ ఉన్న 100 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. బైపాస్ చేసినవాళ్లలో ఏడాది తరవాత నూటికి 84 మంది, బీపీ అదుపులో ఉంటూనే, మాత్రల్లో కనీసం 30 శాతం తగ్గించుకోగలిగారు. మందులతోనే ఉన్నవాళ్లలో అలా చేయగలిగింది నూటికి 13 మంది. మూడు మాత్రలతో మొదలైన మీరు 30 కిలోలు తగ్గాక కూడా మూడే వేసుకుంటున్నారంటే ఎవరో ఒకరు చీటీ తిరగరాయాల్సిన సమయం దాటిందన్నమాట. వాటిలో నీరు తీసే మాత్ర ఉంటే, మీరు తాగే నీళ్లూ తక్కువైతే, చీకట్లు కమ్మడానికి ఇంకేం కావాలి? నైట్రేట్ దాని మీద మరికొంత తోస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు రెండు పనులు చేయండి. అయిదు నిమిషాలు పడుకుని బీపీ కొలవండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ కొలవండి. పక్కన ఎవరైనా ఉండాలి. పై బీపీ 20, లేదా కింది బీపీ 10 పడితే ఆ అంకెలు రాసి తీసుకెళ్లండి.

రెండోది కఫ్, అంటే బీపీ మీటరుకి చేతికి చుట్టే పట్టీ. ఇది చాలామంది గమనించరు. లావుగా ఉన్నప్పుడు కొన్న పెద్ద కఫ్ ఇప్పుడు సన్నబడ్డ చేతికి వదులై అసలు కంటే తక్కువ చూపిస్తుంది. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపు పెట్టి చుట్టుకొలత చూడండి. 27 నుంచి 34 సెం.మీ. ఉంటే మామూలు పెద్దల కఫ్ సరిపోతుంది, 35 నుంచి 44 ఉంటే పెద్దది కావాలి. బరువు తగ్గుతున్నన్నాళ్లూ మూడు నెలలకోసారి టేపు తీయండి. లేకపోతే కఫ్ వదులవడం వల్ల తగ్గిన అంకెని రసం గొప్పతనం అనుకుంటారు.

ప్రశ్న: బైపాస్ అయింది. ఒకసారి కిడ్నీలో రాయి వచ్చి పోయింది. పాలకూర, బీట్‌రూట్ కలిపి రోజూ స్మూతీ తాగొచ్చా?

వద్దు. ఈ ఉత్తరాలన్నిటిలో మేం ఖరాఖండిగా చెప్పగలిగే మాట ఇదే.

బైపాస్ తరవాత కొవ్వు పూర్తిగా అరగదు. అరగని కొవ్వు పేగులోని కాల్షియంని పట్టుకుని సబ్బులా గట్టిపడుతుంది. పాలకూరలాంటి వాటిలో ఆక్సలేట్ అనే పదార్థం ఉంటుంది, మామూలుగా ఆ కాల్షియమే దాన్ని పట్టుకుని మలంలో బయటికి పంపాలి. అది దొరక్కపోయేసరికి ఆక్సలేట్ పెద్దపేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి రాయి కడుతుంది. పాలకూరలో 100 గ్రాములకి 600 మి.గ్రా. దాటి ఆక్సలేట్ ఉండటం మామూలే. బీట్‌రూట్‌లో అంతకంటే తక్కువ, కానీ లెక్కలోకి రానంత తక్కువేమీ కాదు. రాళ్లు ఒక్కటే భయం కాదు. బైపాస్ అయిన ఒకామెకి ఇలాంటి ఆకుపచ్చ స్మూతీలతో ఆక్సలేట్ కిడ్నీల్లో పేరుకుని అవి దెబ్బతిన్న కేసు 2018లో వైద్య పత్రికలో వచ్చింది.

ఉడికించి నీళ్లు వంపేస్తే ఆక్సలేట్ తగ్గుతుంది నిజమే, నైట్రేట్ కూడా ఆ నీళ్లతోనే పోతుంది. అప్పుడు తినడంలో ఉద్దేశమే నెరవేరదు. నైట్రేట్ ఎక్కువ, ఆక్సలేట్ తక్కువ ఉన్నవి కావాలంటే లెట్యూస్, అరుగుల ఆకులు చూడండి. అరుగులలో నైట్రేట్ బీట్‌రూట్‌ని మించి ఉంటుంది. పచ్చి ఆకు కాబట్టి సర్జన్ పచ్చివి తినమన్నాకే మొదలుపెట్టి, సన్నగా తరిగి, బాగా నమిలి తినాలి. నమలడం వల్ల ఉమ్మి ఊరుతుంది, అది నైట్రేట్‌కీ మంచిదే. సెలరీలో నైట్రేట్ ఉన్నా కాడల్లోని నార సంచి దారిలో ఉండలు కట్టి అడ్డం పడవచ్చు, దాన్ని వదిలేయండి. వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకులు హఠాత్తుగా పెంచినా తగ్గించినా రక్తం పలుచన లెక్క తప్పుతుంది, ముందు చెప్పి చేయండి.

కాల్షియం సిట్రేట్ రూపంలో, భోజనంతో పాటు వేసుకోండి. కార్బొనేట్ ఒంటబట్టాలంటే యాసిడ్ కావాలి, మీకు అది లేదు. మూత్రం రోజుకి రెండు లీటర్లకి తగ్గకుండా వచ్చేలా నీళ్లు తాగండి. ఒకసారి 24 గంటల మూత్రం పట్టి ఆక్సలేట్, సిట్రేట్ పరీక్ష చేయించండి.

స్లీవ్‌వాళ్లకి ఈ ముప్పు ఇంతగా ఉండదు.

ప్రశ్న: బీట్‌రూట్ తాగిన మర్నాడు మూత్రం ఎర్రగా వచ్చింది. రక్తమా?

దుంపలోని రంగే అయ్యుండవచ్చు. నూటికి 10 నుంచి 14 మందిలో ఇలా కనిపిస్తుంది. ఐరన్ తక్కువైనవాళ్లలో మరీ ఎక్కువ. ఆపరేషన్ తరవాత ఐరన్ తగ్గడం మామూలు కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. రెండు రోజులు దుంప మానేసినా ఎరుపు పోకపోతే, లేదా మలం నల్లగా తారులా ఉంటే అది రంగు కాదు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: నైట్రేట్, నైట్రైట్ క్యాన్సర్ తెస్తాయంటారు కదా?

ఆ భయం ఊరికే పుట్టలేదు. నైట్రైట్, ప్రొటీన్ నుంచి వచ్చే అమైన్లతో కలిస్తే క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు తయారవుతాయి. నైట్రైట్ వేసి నిల్వచేసిన మాంసంలో ఈ రెండూ ఒకేచోట ఉంటాయి. ప్రాసెస్ చేసిన మాంసాన్ని 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. కూరగాయల్లో నైట్రేట్‌తో పాటు విటమిన్ సి, పాలీఫెనాల్స్ ఉండి ఆ కలయికను అడ్డుకుంటాయి.

అయినా యాసిడ్ తగ్గిన పొట్టలో బ్యాక్టీరియా పెరుగుతుంది, అది నైట్రేట్‌ని అక్కడే నైట్రైట్‌గా మారుస్తుంది. కాబట్టి మేం కూరగా తినడాన్నే ఇష్టపడతాం. గాఢమైన పొడులు, షాట్లు ఏళ్ల తరబడి తీసుకోమని చెప్పలేం. రోజువారీ నైట్రేట్‌కి ఒప్పుకున్న పరిమితి కిలో బరువుకి 3.7 మి.గ్రా. 80 కిలోల మనిషికి 300 మి.గ్రా. లోపే. బీపీ కోసం వాడిన 400 మి.గ్రా. మోతాదు దాన్ని దాటిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని నైట్రేట్ మాత్ర ఇచ్చారు. పోయినేడు ఆయనకి బైపాస్ చేసి పొట్ట తగ్గించారు. ఆ మాత్ర ఇప్పుడు పని చేస్తుందా? దాని బదులు రసం సరిపోతుందా?

మాత్ర పని చేస్తుంది. పేరులో నైట్రేట్ ఉన్నా ఆ మాత్రలోని గ్లిసరిల్ ట్రైనైట్రేట్ దారి వేరు. నాలుక కింది పలుచని పొర నుంచి నేరుగా రక్తంలోకి వెళ్లి, నాళాల కణాల్లోని ఎంజైమ్‌తో నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. దానికి నోటి బ్యాక్టీరియా అక్కర్లేదు, పొట్టలో యాసిడ్ అక్కర్లేదు. రసం దానికి బదులు కానే కాదు, మూడు గంటలు పట్టే వస్తువుతో గుండె నొప్పిని ఆపలేం. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ రకం మాత్రలు వాడుతుంటే ఈ మాత్ర అసలు వేసుకోకూడదు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది.

నాన్నగారు బరువు తగ్గాక బీపీ తగ్గి ఉంటుంది కాబట్టి నిలబడి మాత్ర పెట్టుకుంటే పడిపోవచ్చు. ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. నోరు ఎండిపోయి ఉంటే ఒక గుటక నీళ్లు ఇచ్చి, అప్పుడు మాత్ర నాలుక కింద పెట్టండి. మింగనివ్వద్దు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోయినా, పెరిగినా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. మాత్రలు వచ్చిన గాజు సీసాలోనే, మూత బిగించి ఉంచండి. మందుల డబ్బా గళ్లలో పోసి పెడితే వాటి సత్తువ పోతుంది.